పై వాటాకి వృత్తిపరమైన దూరం

మా ఆయన రిటైరైన ఏడాది మా కాలనీకి ఒక జ్వరం పట్టుకుంది. పార్కులో పొద్దున్నే నడిచే పెద్దమనుషుల దగ్గర మొదలై ఇంటింటికీ అంటుకుంది. ఇల్లు అద్దెకిచ్చుకున్న ప్రతివాళ్ళూ ఆ ఇంటికో మేనేజరును పెట్టుకోవాలన్నది దాని లక్షణం. కాకినాడ ఎండల్లో వచ్చే జ్వరాలు నాలుగు రోజుల్లో తగ్గుతాయి గానీ ఇది తగ్గలేదు.

అంతవరకూ మా పై వాటాను మేమే చూసుకునేవాళ్ళం. చూసుకోవడమంటే పెద్ద పనేం కాదు. నెల మొదట్లో పై వాటా ముత్యాల్రావు కిందికి దిగివచ్చి, అద్దె ఇచ్చి, కాఫీ తాగి, బాత్రూంలో కుళాయి కారుతోందని చెప్పేవాడు. "చూద్దాం" అనేవారు మా ఆయన. మరుసటి నెల మళ్ళీ అద్దె, మళ్ళీ కాఫీ, మళ్ళీ కుళాయి, మళ్ళీ "చూద్దాం". ఆ పై నెల ముత్యాల్రావే వాషరు కొనుక్కొచ్చి బిగించుకుని, "కుళాయి బాగైపోయిందండి బాబాయిగారూ" అనేవాడు. "నేను చెప్పలేదూ?" అనేవారు మా ఆయన. ఈ పద్ధతిలో ఇంటికి గానీ, అద్దెకు గానీ, కాఫీకి గానీ ఎన్నడూ లోటు రాలేదు.

ముత్యాల్రావు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతని భార్య హైమ మందుల షాపులో పనిచేస్తుంది. మా ఇంటి అసలు నిర్వహణ అంతా హైమ గొంతులో ఉండేది. మోటారు స్విచ్చి మా వంటింటి వెనక వరండాలో ఉంది. ట్యాంకు డాబా మీద ఉంది. ట్యాంకు నిండితే నీళ్ళు పైపులోంచి హైమ వంటింటి కిటికీ పక్కగా మా పెరట్లోకి పడతాయి. "పిన్నీ, మోటారూ!" అని హైమ ఒక్క కేక వేస్తుంది, నేను కట్టేస్తాను. నిండగానే దానంతటదే ఆగిపోయే స్విచ్చి పెట్టించుకోమని కొందరు సలహా ఇచ్చారు. హైమ ఉండగా అదెందుకని నేను పెట్టించలేదు.

అలాంటి రోజుల్లో కాలనీ సంఘం అధ్యక్షుడుగారు కమ్యూనిటీ హాల్లో సభ పెట్టారు. 'నిశ్చింత నివాస నిర్వహణ సంస్థ' నుంచి ఫణిభూషణ్ అనే ఆయన వచ్చాడు. వయసు చిన్నదే. మెడలో గుర్తింపు కార్డు, నోట్లో గెజిట్టు. తనను తాను నివాస సంబంధాల సమన్వయాధికారిగా పరిచయం చేసుకున్నాడు.

"యజమాని పక్షానికీ అద్దెదారు పక్షానికీ నడుమ వృత్తిపరమైన దూరం ఉండితీరాలి. ఈ కాలనీలో మా సంస్థ సర్వే నిర్వహించింది. తీవ్ర స్థాయిలో భావోద్వేగ లీకేజీ గమనించడమైనది. ఒకానొక యజమాని తన అద్దెదారు బిడ్డను స్కూటరు మీద బడికి దింపుతున్నట్టు మా దృష్టికి వచ్చింది."

హాలంతా సిగ్గుతో తల దించుకుంది. ఆ పిల్లను దింపేది అధ్యక్షుడుగారే. ఆయన అందరికంటే కిందికి దించుకున్నారు.

సంస్థలో చేరనివాళ్ళ పేర్లు 'వృత్తిరహిత యజమానులు' అన్న శీర్షిక కింద సంఘం నోటీసు బోర్డు మీద పెట్టాలని ఆ సాయంత్రమే తీర్మానించారు. మా ఆయన సుందరంగారు సర్వీసంతా ఒక్క మెమో అందుకోకుండా సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. బోర్డు మీద పేరంటే ఆయనకు పోలీసు స్టేషన్లో ఫొటోతో సమానం. ఇంటికి రాకముందే సంతకం పెట్టేశారు.

"మూడేళ్ళ ఒప్పందం. మధ్యలో మనం మానుకోవడానికి వీల్లేదు," అన్నారు గర్వంగా.

"మరి వాళ్ళు మానుకోవచ్చా?"

"యజమాని అద్దెదారుతో నేరుగా మాట్లాడితే మానుకుంటారు. అంత పరువు తక్కువ పని మనమెందుకు చేస్తాం?"

ఇల్లు ఆయన పేరున ఉంది కాబట్టి ఆయన యజమాని. నేను 'యజమాని అనుబంధ వ్యక్తి'ని. ఆయన మాట్లాడితే తప్పు ఆయనది. నేను మాట్లాడితే మాత్రం తప్పు హైమ ఖాతాలో పడుతుందట. ఎందుకని అడిగితే, అనుబంధానికి కారణమైనవాళ్ళే బాధ్యులని ఫణిభూషణ్ సెలవిచ్చాడు.

మర్నాడు పొద్దున ట్యాంకు నిండింది. పైన కిటికీ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కేక రాలేదు. హైమ సంస్థకు ఫోన్ చేసింది. అక్కడొక అమ్మాయి సమస్య స్వభావం అడిగింది, తర్వాత ఆ నీళ్ళు తాగేవా వాడేవా అని అడిగింది. ఆ తర్వాత మా ఆయన ఫోన్ టింగుమంది. 'మీ ఆస్తిలో జల సంబంధ పరిణామం నమోదైనది. ఆందోళన చెందవద్దు.' మా ఆయన ఆందోళన చెందలేదు. ఆ సందేశం నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను వెళ్ళి మోటారు కట్టేసేసరికి పెరడు చెరువైంది, పక్కింటివాళ్ళ బంతి మొక్కలు ఈదుతున్నాయి.

"చూశావా, మనకు కేకలు లేకుండా ఎంత ప్రశాంతంగా జరిగిపోయిందో," అన్నారు మా ఆయన, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుంటూ.

తర్వాతి వారం ఫణిభూషణ్ ఆస్తి తనిఖీకి వచ్చాడు. తలుపులు చూశాడు, గోడలు చూశాడు, వంటింట్లోకి వచ్చి గట్టు మీదున్న ఒక స్టీలు గిన్నె దగ్గర ఆగాడు. మూత తీస్తే పనసపొట్టు కూర ఉంది.

"ఇది ఎవరి చరాస్తి అమ్మా?"

"కూర హైమ పంపింది."

"గిన్నె?"

ఆ గిన్నె ఎవరిదో నాకు తెలీదు. హైమ వాళ్ళు వచ్చినప్పటినుంచీ అది మెట్లెక్కుతూ దిగుతూనే ఉంది. ఆ పిల్ల కూర పంపితే ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా అని నేను సున్నుండలు వేసి పంపుతాను. నేను సున్నుండలు పంపితే ఖాళీగా ఇవ్వకూడదని తను గోంగూర పచ్చడి పెట్టి పంపుతుంది. మొదట ఎవరు పంపారో, గిన్నె ఏ ఇంటినుంచి బయలుదేరిందో ఇద్దరం మరిచిపోయాం.

"హైమదే అయ్యుంటుంది," అన్నాను.

ఫణిభూషణ్ పైకి వెళ్ళి హైమను అడిగాడు. "పిన్నిగారిదేనండి" అందట. చెమట తుడుచుకుంటూ దిగివచ్చాడు.

"ఉభయ పక్షాలూ యాజమాన్యాన్ని నిరాకరిస్తున్నాయి! నాదంటే నాదని కొట్టుకున్నవాళ్ళను చూశాను గానీ, నీదంటే నీదనే కేసు నా అనుభవంలో ఇదే ప్రథమం."

గిన్నెను స్వాధీనం చేసుకున్నాడు. కూర పాడైపోయే వస్తువు గనక అక్కడికక్కడే పరిష్కరించాలన్నాడు. ఒక చెంచా పరిష్కరించి, మరో చెంచా పరిష్కరించి, గిన్నె ఖాళీ చేశాడు. తర్వాత దాన్ని కడిగించి, అడుగున ఒక కాగితం అంటించాడు. 'యజమాని: నిర్ధారణ కాలేదు.'

నాకు నవ్వొచ్చింది. వారం తిరక్కుండా ఆ నవ్వు పోయింది. హైమ వాళ్ళకు ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది.

అద్దె సకాలంలో ఇస్తున్నారు, గోడకు మేకు కొట్టలేదు, గొడవ చేయలేదు. అన్నిట్లోనూ మంచి మార్కులే. ఒక్క 'అనుబంధ సూచిక' మాత్రం హద్దు దాటిందట. కాబట్టి 'అనుబంధ విముక్తి పథకం' కింద నెలాఖరుకు వెళ్ళిపోవాలి. వాళ్ళ స్థానంలోకి సంస్థ తన మొదటి తరగతి అద్దెదారులను దింపుతుంది. ఆ వచ్చేవాళ్ళకు ఇంతకుముందున్న ఇంటి యజమాని పేరు కూడా గుర్తులేదని సంస్థ హామీ ఇచ్చింది.

హైమ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పలకరిస్తే సూచిక ఇంకా పెరుగుతుంది. ఆ పిల్ల కూడా నావైపు చూడకుండా గోడతో అన్నట్టు, "ఇంకో ఇల్లు దొరక్క కాదు పిన్నీ. ఆ ఇంట్లో కేకేస్తే ఎవరు పలుకుతారు?" అంది. నాకు ఆడపిల్లలు లేరు. ఉన్నా ఇలా పైనుంచి రోజూ కేకేసేవాళ్ళు కాదేమో. ఈ పిల్లను ఎలాగైనా ఇక్కడే ఉంచాలని ఆ గుమ్మంలోనే గట్టిగా అనుకున్నాను.

మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నాకు మాత్రం సంతోషంగా ఉందా?" అన్నారాయన, ముఖం చిన్నబుచ్చుకుని. "కానీ సంతకం పెట్టానే. రూలు రూలేగా."

లాభంలేదని నేనే సంస్థ ఆఫీసుకు వెళ్ళాను. ఫణిభూషణ్ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు.

"బాబూ, అద్దెకున్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవచ్చా?"

"నిరభ్యంతరంగా! దానికి 'సామూహిక నివాసోల్లాసం' అని మాకు ప్రత్యేక విభాగమే ఉంది."

"కూరలు ఇచ్చిపుచ్చుకోవచ్చా?"

"ప్రోత్సహిస్తామమ్మా. ఉగాదికి పోటీ కూడా పెడతాం."

"అయితే మా కింది వాటా నాకు అద్దెకివ్వండి."

ఫణిభూషణ్ పైకప్పు వైపు చూస్తూ వేళ్ళ మీద ఏదో లెక్క కట్టాడు. అతని ముఖం మెల్లగా వెలిగింది. నేను అద్దెదారునైతే హైమ అనుబంధం యజమానితో కాకుండా సాటి అద్దెదారుతో అవుతుంది. సూచిక సున్నాకి దిగుతుంది. నోటీసు దానంతటదే రద్దవుతుంది. పైగా సంస్థకు కొత్త వాటా దొరుకుతుంది.

"మీ కింది వాటా ఇన్నాళ్ళూ అనిర్వహిత స్థితిలో ఉండిపోయిందని నాకూ లోలోపల బాధగానే ఉందమ్మా," అని వెంటనే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ప్రస్తుత నివాసం?"

"అదే ఇల్లు."

"ఖాళీ చేయడానికి కారణం?"

"అందులోకి రావడానికి."

"యజమానితో పూర్వ పరిచయం ఉందా?"

"కొంచెం."

"బంధుత్వం?"

"పెళ్ళి."

"అది అనర్హత కాదు. ఒప్పందం అమలులో ఉన్నంతకాలం దాన్ని వినియోగించకపోతే సరిపోతుంది. ఆ యజమాని గురించి మీకు ముందస్తు ఆందోళనలేమైనా ఉన్నాయా?"

"గురక," అన్నాను. శ్రద్ధగా రాసుకున్నాడు.

అలా మా ఇంట్లోకి నేను అద్దెకు దిగాను. మంచి రోజు చూసుకుని పాలు పొంగించాను. హైమ పసుపు, కుంకుమ, ఒక తువ్వాలు తీసుకుని కిందికి దిగివచ్చి, "కొత్త ఇల్లు కలిసిరావాలి పిన్నీ" అని నన్ను కావిలించుకుంది. ఇద్దరం ఏడ్చాం, తర్వాత పొట్టలు పట్టుకుని నవ్వాం. సామూహిక నివాసోల్లాసం విభాగంవాళ్ళు ఫొటో తీసుకున్నారు. "పిన్నీ, మోటారూ!" అన్న కేక మా ఇంటికి తిరిగివచ్చింది.

ఒక్క చిక్కు మిగిలింది. యజమానితో అద్దెదారు నేరుగా మాట్లాడకూడదు.

మా ఆయనకు వీధి గదిని 'యజమాని నిలుపుకున్న భాగం'గా రాసిచ్చారు. లోపలికి రావాలంటే ఒక రోజు ముందు తనిఖీ నోటీసు ఇవ్వాలి. మొదటి రోజు పొద్దున నా ఫోన్ టింగుమంది. 'యజమాని పక్షం నుంచి ఉదయ పానీయం నిమిత్తం అభ్యర్థన.' నేను లేచి కాఫీ కలిపాను. వెంటనే ఇంకో సందేశం వచ్చింది. 'అద్దె ఒప్పందంలో కాఫీ ప్రస్తావన లేదు. ఇచ్చినచో అనుబంధంగా పరిగణించబడును.' అనుబంధమంటే మళ్ళీ సూచిక. నాకు నోటీసొస్తే నేను ఖాళీ చెయ్యాలి. నేను వెళితే కింద మళ్ళీ యజమానే మిగులుతాడు, పైన హైమ కథ మళ్ళీ మొదటికొస్తుంది. గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. చివరికి ఆ కాఫీ నేనే తాగాను. ఏం రుచిగా లేదు.

ఆయన వీధి చివర బండి దగ్గర టీ తాగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మెస్సునుంచి క్యారేజీ తెప్పించుకునేవారు. ఒకసారి కిటికీలోంచి చూస్తే, పప్పులో ఉప్పెక్కువైందని ఎవరితో చెప్పాలో తెలియక, అటూ ఇటూ చూసి, క్యారేజీతోనే ఏదో గొణుక్కుంటున్నారు. ఇన్నేళ్ళూ ఆ గొణుగుడు వినలేక చచ్చాననుకునేదాన్ని. వంటింట్లో పులుసు కాగుతుంటే "ఏం వండావే?" అన్న మాట వినబడకపోతే ఇంత బోసిగా ఉంటుందని నాకు తెలీదు. హైమను దక్కించుకున్నాను గానీ, ఆ పేరు చెప్పి ఈయన్ని పోగొట్టుకున్నానేమోనని బెంగ పట్టుకుంది.

ముత్యాల్రావు ఉండబట్టలేక ఒకరోజు వీధి గది కిటికీ దగ్గర నిలబడి, ఆకాశం వైపు చూస్తూ అన్నాడు.

"ఎవరైనా ఒక్క కేకేసేత్తే అయిపోద్దండి. ఆళ్ళే వదిలేసి పోతారు కదండీ. ఆయ్, నేను ఎవర్నీ ఉద్దేశించి అనట్లేదండి."

మా ఆయన కూడా ఆకాశం వైపే చూశారు. "బోర్డు మీద పేరెక్కుతుంది," అని ఆకాశానికే చెప్పారు.

మూడు నెలల తనిఖీకి ఫణిభూషణ్ వచ్చిన రోజు హైమ షాపుకు వెళ్ళింది, ముత్యాల్రావు ఫ్యాక్టరీలో ఉన్నాడు. నేను మోటారు వేసి వంటింట్లో పచ్చడి నూరుతున్నాను. ఫణిభూషణ్, మా ఆయన పక్క సందులోంచి పెరట్లోకి వచ్చారు. పై గోడల స్థితి చూడటానికి ఫణిభూషణ్ తల వెనక్కి వంచుకుని నిలబడ్డాడు. సరిగ్గా పైపు కింద నిలబడ్డాడు. ట్యాంకు నిండింది.

ధార నేరుగా అతని నెత్తి మీద పడింది. అతను కదల్లేదు. తనిఖీ మధ్యలో అధికారి స్థానం మారకూడదనేమో. మా ఆయన కంగారుగా ఫోన్ తీసి సంస్థకు చేశారు. ఆ మధ్యాహ్నం ఆ నంబరు చూసే డ్యూటీ కూడా ఫణిభూషణ్‌దే. అతని జేబులో ఫోన్ మోగింది. నీళ్ళ కిందే నిలబడి ఎత్తాడు.

"నిశ్చింతకు స్వాగతం. మీ సమస్య స్వభావం తెలుపగలరు."

"మీ మీద నీళ్ళు పడుతున్నాయండీ," అన్నారు మా ఆయన, రెండడుగుల దూరంలోంచి.

"తాగేవా సార్, వాడేవా?"

"వాడేవి."

"నమోదైనది. సంబంధిత అద్దెదారుకు సందేశం పంపబడును. ఆందోళన చెందవద్దు."

వంటింటి కిటికీలోంచి నేను ఇదంతా చూస్తున్నాను. స్విచ్చి కిటికీ పక్కనే వరండా గోడకు, నాకు చేతికందేంత దూరంలో ఉంది. కట్టెయ్యబోయి ఆగాను. సందేశం రాకుండా ఎలా కట్టేస్తాను? నేను పద్ధతి గల అద్దెదారును.

మా ఆయన ఫోన్ వైపు చూశారు, ధార వైపు చూశారు, ఆ తర్వాత కిటికీలో నావైపు చూశారు. ఇన్నాళ్ళ తర్వాత నావైపు అంత సూటిగా చూడటం అదే. మెమో లేని సర్వీసు, బోర్డు, మూడేళ్ళ ఒప్పందం, మెస్సు పప్పు, అన్నీ ఆ ముఖంలో ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"ఒసేయ్ రాజ్యం! మోటారు కట్టెయ్యవే!"

ఆ కేకకు పక్కింటి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. నాకు మొదటి కేకే బ్రహ్మాండంగా వినబడింది. అయినా చెయ్యి కదపలేదు.

"ఏవే, నిన్నే! వినబళ్ళేదూ? రాజ్యం!"

ఇంకోసారి పిలవనిచ్చి, అప్పుడు కట్టేశాను.

నీళ్ళు ఆగాక ఫణిభూషణ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కోపం లేదు, కేవలం విచారం. "ప్రత్యక్ష సంభాషణ జరిపారు సార్. పైగా ఏకవచనం. మా సంస్థ ఈ క్షణం నుంచి తన సేవలను ఉపసంహరించుకుంటోంది."

"కాఫీ తాగి ఉపసంహరించుకోండి. తడిసిపోయారు," అన్నారు మా ఆయన. "ఏవే, కాఫీ పెట్టు. నాక్కూడా."

నేను ఫణిభూషణ్‌కు తువ్వాలిచ్చాను, ఇద్దరికీ కాఫీ ఇచ్చాను. మా ఆయన ఒక గుక్క తాగి, పంచదార తక్కువైందని గొణిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు నోటీసు బోర్డు మీద 'వృత్తిరహిత యజమానులు' కింద మా ఆయన పేరెక్కింది. ఆయన ఆ దారిన వెళ్ళడం మానేసి రెండు రోజులు వెనక గేటునుంచి పార్కుకు వెళ్ళారు. మూడోరోజు అధ్యక్షుడుగారు చెట్టు చాటుకు లాక్కెళ్ళి, "ఎంత గట్టిగా అరిచారండీ? ఏం మాట వాడారు?" అని అడిగారట. ఆ వారమంతా మా కాలనీలో పొద్దున పూట ఏ డాబా మీద చూసినా కేకలే. ఒకాయన గొంతు పోగొట్టుకుని హైమ షాపుకే మందుకెళ్ళాడు. బోర్డు మీద చోటు చాలక ఆ శీర్షిక చెరిపేశారు.

ఇప్పుడు ముత్యాల్రావు మళ్ళీ నెల మొదట్లో కిందికి వస్తున్నాడు. కుళాయి మళ్ళీ కారుతోందట. మా ఆయన చూద్దామన్నారు.

ఆదివారం పూట ఫణిభూషణ్ వచ్చాడు. మెడలో కార్డు లేదు. చేతిలో మా స్టీలు గిన్నె ఉంది. స్వాధీనం చేసుకున్న వస్తువులు తిరిగి అప్పగించాలని, సంతకం కావాలని అన్నాడు. హైమ కూడా మెట్లు దిగివచ్చింది. గిన్నె అందుకుంటే బరువుగా ఉంది. మూత తీశాను. నిండా గుమ్మడి వడియాలు.

"ఖాళీగా ఇవ్వకూడదని మా ఆవిడ పెట్టిందండి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆఫీసులో చెప్పకండి."

చెప్పంలే అన్నాం. వడియాలు చెరిసగం పంచుకున్నాక గిన్నె తోముతూ వెనక్కి తిప్పి చూస్తే, అడుగున కాగితం ఇంకా ఉంది. 'యజమాని: నిర్ధారణ కాలేదు.' పీకబోతుంటే హైమ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పిన్నీ," అంది.

ఉంచేశాం. సాయంత్రం అందులో సున్నుండలు పెట్టి పైకి పంపాను.